హీరాబాయి చెరుకు సినిమా

పంతొమ్మిది వందల నలభై నాలుగులో, బాన్సువాడ వడ్ల గోదాములో పట్టపగలే కిటికీలకు గోనెసంచులు కట్టి సర్కారు సినిమా ఆడించారు. చెరుకు సాగు మీద ఖజానా సొమ్ముతో తీసిన బొమ్మ అది. మాటలన్నీ ఉర్దూ. మూడెకరాల చెరుకు తానే చేసుకునే హీరాబాయి ముందు వరుసలో కూర్చుంది.

తెర మీద పట్నం నటుడొకడు చెరుకు ముక్కను, దాని మీది మొలకెత్తే కన్ను నేలకు ఆనేలా పాతాడు.

"ఆపుండ్రి!" హీరాబాయి లేచి నిలబడింది. "కన్ను కిందికి పెడితే మొలక ఎట్ల పైకొస్తది? పక్కకుండాలె!"

గోదామంతా నవ్వింది. సినిమాతో వచ్చిన అధికారి కరీముద్దీన్ మిషను ఆపించాడు. ఆయనకు తెలుగు బాగానే వచ్చు.

"అమ్మా, మీ మేలు కోసమే సర్కారు ఇంత ఖర్చు పెట్టింది."

"గా ఖర్చు మా శిస్తులకెల్లి వచ్చిందే గద సాబ్! మా పైసలతోని తీసే బొమ్మ మా మాటల ఉండొద్దా? మా చేతులు చూపెట్టొద్దా?"

ఆయన కోపగించుకోలేదు. "అర్జీ పెట్టండి. నేనే పైకి పంపుతా," అన్నాడు.

బొమ్మ తెలుగులో, రైతులతోనే మళ్ళీ తియ్యాలని మర్నాడు ఆమె మరిది దేవిదాస్ ఉర్దూలో అర్జీ రాశాడు.

"పెద్ద సాబులు మన మాట ఇంటరా వదినె?"

"ఎందుకినరు? బిచ్చమడుగుతున్నమా ఏంది?"

కోటగిరి దాకా నడిచి అర్జీ మీద రైతుల వేలిముద్రలు తెచ్చిందామె.

ఏడు నెలలకు మంజూరు వచ్చింది. కెమెరాతో మనుషులు దిగారు. చెరుకు నాటి చూపేది హీరాబాయే. డైరెక్టరు పట్టుచీర తెచ్చిస్తే, "ఇది కట్టుకొని బురదల దిగితే మా ఊరోళ్ళే నన్ను నమ్మరు," అని తిప్పి ఇచ్చేసింది. నేతచీర గోచీ పెట్టి చాలులోకి దిగింది. మొదటిసారి కెమెరానే చూస్తూ పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. రెండోసారి కెమెరా వైపు చూడకుండా, పక్క చేను పోసవ్వకు నేర్పుతున్నట్టు చెప్పుకుపోయింది. ఆమె వేళ్ళు కనిపించాలని డైరెక్టరే బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

ఆ ఏడాది బొమ్మ ఊరూరా ఆడింది. కొన్ని ఆటలకు కరీముద్దీన్ వెంట హీరాబాయి కూడా వెళ్ళింది. పెద్ద కొడప్‌గల్‌లో ఆట ముగిశాక ఎల్లన్న అనే ముసలి రైతు ఆమెను నిలేశాడు.

"అంత మంచిగనే ఉంది బిడ్డా. నీళ్ళు ఎన్ని దినాలకొకసారి కట్టాలె? అది చెప్పకపోతివి."

హీరాబాయి కరీముద్దీన్ వైపు తిరిగింది. "నిజమే సాబ్. నీళ్ళ మీద ఇంకోటి తియ్యాలె."

"వరి మీద గూడ!" వెనక నుంచి ఎవరో అరిచారు.

కరీముద్దీన్ నవ్వుతూ జేబులోంచి కలం తీశాడు.