మూడో చెయిన్

వానలు వెనకబట్టగానే రంపాలాయన ఏటా చేసే పని ఒకటుంది. విడిభాగాల షాపుకి వెళ్ళి, చెట్లు కోసే మిషన్‌కి వేసే చెయిన్లు మూడు రకాలు కొని తెచ్చుకుంటాడు. ఒకే దుంగని ఒకే మిషన్‌తో ఆ మూడింటితోనూ కోసి చూస్తాడు. ఏది పదునుగా తెగుతుంది, ఏది ఎక్కువసేపు నిలుస్తుంది, పెట్టిన డబ్బుకి ఏది గిట్టుతుంది, ఇవన్నీ తేలితే తప్ప ఆ ఏడాది పనికి సరిపడా చెయిన్లు కొనడు.

"మూడూ మంచివే," అన్నాడు షాపాయన ఈసారి కూడా, అలవాటు కొద్దీ.

"మూడూ మంచివైతే మూడు ధరలెందుకయ్యా?"

"మీకు పొద్దుపోవాలి కదా, అందుకు."

ఇద్దరూ నవ్వుకున్నారు. మొన్నటి గాలివానకి ఏటి ఒడ్డు పార్కులో చెట్లు వరసగా కూలిపోయాయి. వాటిని కోసి తీసేసే పని రంపాలాయనకే వచ్చింది. అంత పెద్ద పని ఈమధ్య రాలేదు. చెయిన్ సరైనది కాకపోతే నడుములు విరుగుతాయి.

కానీ ఆయన మనసు చెయిన్ల మీద లేదు. పొద్దున టీ గ్లాసు చేతికిస్తూ భార్య ఒక మాట అంది.

"ఇవాళ అబ్బాయి మీతో ఏదో మాట్లాడాలంటున్నాడు. అడ్డు తగలకుండా వినండి."

"ఏం మాట్లాడతాడు?"

"అతనే చెప్తాడు."

"నీకు చెప్పాడన్నమాట."

ఆవిడ గిన్నెలు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. చెప్పకపోవడంలోనే సగం చెప్పేసింది.

అబ్బాయి అంటే అల్లుడు. ఒకప్పుడు బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. పెళ్ళయ్యాక, "నాన్న ఒక్కడే చెట్లెక్కుతున్నాడు, కింద తాడు పట్టుకునే మనిషి లేడు, నువ్వెళ్ళు" అని రంపాలాయన కూతురు తన మొగుణ్ణి పోరిపోరి ఈ పనిలోకి దింపింది. సన్నగా, చిన్నగా ఉండి పొద్దస్తమానం ఏదో ఒకటి వాగుతుండేది కాబట్టి తండ్రి ఆమెని పిచ్చుక అని పిలిచేవాడు. మేడ మీద గదిలో వాళ్ళిద్దరూ, కింద వీళ్ళిద్దరూ. ఇల్లంతా ఆ పిల్ల గొంతే. ఒక చలికాలంలో జ్వరం తగిలింది. మామూలు జ్వరమే అనుకున్నారు. మాత్రలు వేసుకుని పడుకున్న పిల్ల మళ్ళీ లేచి మెట్లు దిగలేదు.

అల్లుడు ఇక గ్యారేజీకి వెళ్ళిపోతాడనే అందరూ అనుకున్నారు. కొన్నాళ్ళకి ఒక పొద్దున పని బట్టలు వేసుకుని కిందికొచ్చి, "తాడెక్కడ పెట్టారు మామయ్యా?" అన్నాడు. రంపాలాయన చూపించాడు. అంతే. వెళ్ళడం గురించి అతను అనలేదు, ఉండమని వీళ్ళూ అడగలేదు. అప్పట్నుంచీ మేడమెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తే, రంపాలాయనకి ఒక్క క్షణం, రెండు జతల కాళ్ళు దిగుతున్నట్టే ఉండేది.

ఇంటి వెనక రేకుల షెడ్డు. అడ్డకర్రల మీద మొన్న కూలిన చెట్టు దుంగ. అల్లుడు మొదటి చెయిన్‌ని మిషన్ ముందున్న పొడుగాటి ఇనప బార్ మీద వేసి బిగించాడు. అన్నిట్లోకీ చవకది.

"మామయ్యా, మీతో ఒక మాట..."

రంపాలాయన తాడు లాగి మిషన్ స్టార్ట్ చేశాడు. షెడ్డంతా మోతెక్కిపోయింది. అల్లుడు నోరు మూసుకుని దుంగ చివర పట్టుకున్నాడు.

చవక చెయిన్ మొదట్లో బాగానే తెగింది. రెండు బిళ్ళలు కోసేసరికి చెయిన్ సాగిపోయి బార్ కింద వేలాడింది. బిగించారు. మళ్ళీ సాగింది. మళ్ళీ బిగించారు.

"చుట్టం లాంటిది," అన్నాడు రంపాలాయన. "వచ్చినప్పుడు బానే ఉంటుంది. తర్వాతే మనం దాని చుట్టూ తిరగాలి."

అల్లుడు నవ్వాడు. "అత్తయ్యకి చెప్పాను గానీ, మీకు కూడా..."

"రెండోది వెయ్యి," అన్నాడు రంపాలాయన.

రెండోది అన్నిటికన్నా ఖరీదైనది. పన్ను మూల సూదిలా ఉంది. దుంగలోకి వెన్నలో దిగినట్టు దిగింది. పొట్టు పిండిలా రాలలేదు, రేకులు రేకులుగా ఎగిరి బూట్ల మీద పడింది. అల్లుడు కనుబొమ్మలెగరేశాడు. రంపాలాయన మాత్రం మిషన్ ఆపి, బకెట్లో తెచ్చి పెట్టుకున్న మట్టి దుంగకి పులిమాడు. పార్కులో చెట్లు బురదలో పడున్నాయి మరి, అవి తుడిచి కోసే తీరిక ఎవరికుంటుంది? మట్టి తగిలాక రెండు కోతలకే ఆ చెయిన్ నీరసించిపోయింది. రేకులు పోయి పిండి రాలడం మొదలైంది. కాలిన వాసన వచ్చింది.

"అందగాడే. ఎండకి ఆగలేడు," అని మిషన్ కింద పెట్టాడు.

"మామయ్యా, ఆమె ఏటి అవతల దూరపు ఊళ్ళో ఉంటుంది," అన్నాడు అల్లుడు ఒక్కసారిగా. ఇక మిషన్ చప్పుడుకి దొరక్కూడదని నిశ్చయించుకున్నట్టున్నాడు. "కిందటేడు కప్పు మీద కొమ్మ పడిందని మనల్ని పిలిచారే, కుట్టుమిషన్ల షాపులో పనిచేసే ఆవిడ..."

"మూడోది వెయ్యరా నాయనా. పొద్దెక్కిపోతోంది."

అల్లుడు మూడోది వేశాడు.

దీని పన్ను మూల కాస్త గుండ్రంగా ఉంది. ధర మధ్యస్థం. రెండోదాని వేగం లేదు గానీ, మట్టి పూసిన చోట కూడా తన తోవన తను దిగిపోతూనే ఉంది. కోత మీద కోత. రంపాలాయన ఆపలేదు. ఆపితే ఆ మాట వినాలి. భుజాలు లాగేస్తున్నా కోస్తూనే ఉన్నాడు. చివరికి దుంగే అయిపోయింది.

మిషన్ ఆగాక షెడ్డులో చెవులు గింగురుమన్నాయి. ఆయన చేతొడుగు తీసి, ఎప్పటిలాగే బొటనవేలు పన్ను అంచు మీద ఆనించి చూశాడు. ఇన్నేళ్ళూ ఆ వేలే ఆయన తక్కెడ. ఎంత పదును మిగిలిందో, ఆకురాయి ఎన్నిసార్లు పట్టాలో, అన్నీ ఆ వేలు చెప్పేది. ఇంకో పన్ను చూశాడు. ఇంకోటి చూశాడు. గట్టిగా నొక్కి చూశాడు.

"మొద్దుబారిపోయింది," అన్నాడు. "ఇదీ పనికిరాదు."

"మొద్దుబారడమేంటి? చివరి కోత దాకా రేకులే రాలితే."

"నేను చూస్తున్నాను కదా. అంచే లేదు."

అల్లుడు దగ్గరికొచ్చి చెయిన్ వైపు వంగాడు. అతని ముఖం పాలిపోయింది.

"మామయ్యా, మీ వేలు."

రంపాలాయన కిందికి చూసుకున్నాడు. బొటనవేలు రెండు మూడు చోట్ల తెగి ఉంది. రక్తం చెయిన్ మీద నుంచి బార్ మీదికి, అక్కణ్ణుంచి పొట్టులోకి కారుతోంది. ఆయనకి ఏమీ తెలియలేదు. ఇంకెవరి చెయ్యో చూస్తున్నట్టు చూశాడు.

అల్లుడు చేతి రుమాలు చింపి కట్టు కట్టాడు. కడుతూ మిగతా వేళ్ళు ఒక్కొక్కటే నొక్కాడు. "ఇది తెలుస్తోందా? ఇది?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఎప్పట్నుంచి?"

"చలికి తెల్లబడేవి. కాసేపటికి తగ్గిపోయేది." అన్నాడు రంపాలాయన. "తర్వాత తగ్గడం మానేసింది. ఎన్నేళ్ళ మిషన్ అదురు అది. ఊరికే పోతుందా?"

"చెట్టు మీద ఉన్నప్పుడు కూడానా?"

అల్లుడు చాలాసేపు ఆ కట్టు కట్టిన చెయ్యి తన చేతుల్లోనే పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి మిషన్ తుడవడం మొదలుపెట్టాడు.

"పార్కు పని మొత్తం నేను చూసుకుంటాను," అన్నాడు. "మీరు కింద కూర్చుని చెప్పండి చాలు."

"నువ్వేదో మాట చెప్పబోయావు."

"ఏం లేదు మామయ్యా. మూడోదే బాగుంది. అదే కొందాం."

ఇంట్లోకి వచ్చాక భార్య కట్టు చూసింది, మొగుడి ముఖం చూసింది. జరిగింది చెప్పాడు. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు," అంది. "గుండీల చొక్కాలన్నీ పెట్టె అడుక్కి తోసేశారు. గ్లాసు పట్టుకుంటే చెయ్యి వైపు చూసుకుంటారు, ఉందో లేదో అని. మీరే చెప్తారని ఊరుకున్నాను."

"తెలిసీ అతన్ని వెళ్ళమన్నావా?"

"అన్నాను. ఆ అబ్బాయికి ఇంకా సగం వయసు ముందుంది. మన పిల్ల ఉంటే ఇన్నేళ్ళు ఇట్లా ఒంటరిగా ఉండనిచ్చేదా? ఆ కుట్టుమిషన్ల షాపు ఆవిడకి ఒక పాప ఉంది. మంచం మీదున్న తల్లి ఉంది. ఇక్కడికి వచ్చే వీల్లేదు. ఆవిణ్ణి చేసుకుంటే ఇతనే వెళ్ళాలి. నోరు తెరిచి అడగడానికి ఇన్ని నెలలు పట్టింది. అడక్కుండానే మళ్ళీ మింగేశాడు చూడండి."

"ఇప్పుడు నేనేం చెయ్యను?"

"నేను చెప్పలేను," అంది ఆవిడ. "అతను పోతే నాకు మాత్రం ఎవరున్నారు?"

మర్నాడు రంపాలాయన పార్కు ఇంజనీరు దగ్గరికి వెళ్ళి పని వదులుకుంటున్నానని చెప్పాడు. ఇంజనీరు వేరే వాళ్ళని చూసుకుంటానన్నాడు, ఆరోగ్యం జాగ్రత్త అన్నాడు. అంత తేలిగ్గా ముగుస్తుందని రంపాలాయన అనుకోలేదు. బయటికొచ్చి మెట్ల మీద కొంచెంసేపు కూర్చున్నాడు.

ఇంటికొచ్చి షెడ్డులో మిషన్‌నీ, ఆకురాళ్ళనీ, నూనె డబ్బానీ చెక్కపెట్టెలో సర్దాడు. అల్లుడు వచ్చేసరికి మూత బిగించడం ఆయనకి చేతకావడం లేదు.

"ఏం చేస్తున్నారు?"

"పార్కు పని వదిలేశాను."

"ఎందుకు? మీ చెయ్యి బాగోకపోతే నేనున్నాను కదా."

"నువ్వుంటావనే వదిలేశాను."

అల్లుడికి అర్థమైంది. కోపం కూడా వచ్చింది. "నన్నొక్క మాట అడగాల్సింది," అన్నాడు.

"అడిగితే వద్దనేవాడివి. నువ్వు వద్దంటే నాకు సంతోషంగా ఉండేది. అదే నా భయం." రంపాలాయన పెట్టె అతని వైపు తోశాడు. "ఇది నీది. అక్కడ కూడా చెట్లుంటాయి. నిన్న నువ్వు చెప్తుంటే నేను కావాలనే మిషన్ తాడు లాగాను. చిన్నపిల్లాడిలా చేశాను. ఇప్పుడు చెప్పు. ఆవిడ ఎట్లాంటిది?"

అల్లుడు నేల చూపులు చూశాడు. "పెద్దగా మాట్లాడదు."

"హమ్మయ్య. మా పిల్ల దగ్గర పడ్డ కష్టానికి నీకు ఆ మాత్రం విశ్రాంతి కావాలి."

అల్లుడు నవ్వబోయాడు. నవ్వు మధ్యలో ముఖం చెదిరిపోయి, గోడవైపు తిరిగిపోయాడు. రంపాలాయన లేచి వెళ్ళి అతని వీపు మీద చెయ్యి వేశాడు. కూతురు పోయిన రోజున కూడా వాళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకోలేదు. అప్పుడు ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయారు.

నెల తిరక్కుండా అతను వెళ్ళాడు. అత్తయ్య పెట్టిన డబ్బాలు, పాపకి కొన్న స్వెట్టరు, చెక్కపెట్టె, అన్నీ వ్యానులో ఎక్కించుకున్నాడు. "వస్తూ ఉంటాను," అన్నాడు. వస్తాడని వీళ్ళకీ తెలుసు. రావడం వేరు, ఉండడం వేరు అనీ తెలుసు. వ్యాను మలుపు తిరిగేదాకా వీధిలో నిలబడి లోపలికొచ్చారు.

ఆ సాయంత్రం ఇద్దరూ మేడ మీద గదికి వెళ్ళారు. అతను శుభ్రంగా ఊడ్చి వెళ్ళాడు. పక్కబట్టలు మడిచి మంచం చివర పెట్టాడు. పిచ్చుక దువ్వెన, గాజులు, ఎర్ర శాలువా అలమరలో ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిల్లో ఒక్కటీ తీసుకెళ్ళలేదు. తీసుకెళ్ళకూడదని ఎంత ఆలోచించి ఉంటాడో.

రంపాలాయన మంచం మీద కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ కూతురు పోయిందని తెలుసుగానీ, ఈ గదిలో ఆమె మొగుడు మసులుతుంటే ఆమె ఇంకా ఇంటి మనిషిగానే ఉన్నట్టుండేది. ఆమె కూడా ఇవాళే మెట్లు దిగి వెళ్ళిపోయింది. అప్పుడు ఏడ్చాడు ఆయన. పిల్ల పోయినప్పుడు తాళ్ళు పట్టుకుని చెట్లెక్కి దాచుకున్న ఏడుపంతా ఏడ్చాడు. భార్య పక్కనే కూర్చుంది. ఊరుకోమనలేదు.

చీకటి పడేసరికి ఆవిడే ముందు లేచింది. గుమ్మం దగ్గర ఆగింది. వంట గురించి ఆవిడ ఎప్పుడూ ఎవరినీ అడిగింది లేదు.

"రాత్రికి ఎంత వండమంటారు?" అంది.

ఆయన ముఖం తుడుచుకున్నాడు.

"ఎప్పుడూ వండినంతే వండు," అన్నాడు. "మిగిలితే పొద్దున తిందాం."