పోస్టుమాస్టరు చిక్కిన వైనం

వీధిలో అందరూ ఆయన్ని మడతాయన అనేవారు. లాండ్రీ నడిపే మనిషి బట్టలు మడవడంలో వింతేమీ లేదు. కానీ ఆయన చదివేసిన పేపరునీ, మొహం తుడుచుకున్న తువాలునీ, కూరగాయలు తెచ్చిన సంచినీ కూడా అంచుకి అంచు కలిపి మడిచేవాడు. కూతురి పెళ్ళి కుదిరాక ఖర్చుని కూడా అలాగే మడవబోయాడు. మడిచి మడిచి చొక్కా జేబులో పట్టేంత చేశాడు.

పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలతో అయిపోతుంది. సాయంత్రం విందు మాత్రం పెట్టక తప్పదు. హాలెందుకు, లాండ్రీ మీద డాబా ఉంది. బల్లలెందుకు, ఇస్త్రీ బల్లలున్నాయి. శుభలేఖలు అసలే వద్దు, దగ్గరి వాళ్ళకి నోటిమాట చాలు. వంట భార్యా మరదలూ చేస్తారు. ఫోటోలు కూతురు పనిచేసే స్టూడియోలోని స్నేహితురాలు ఊరికే తీస్తానంది.

కూతురు అడిగింది ఒక్కటే. "కొత్త బట్టలూ వద్దు, నగలూ వద్దు నాన్నా. ఫోటోలో నా పక్కన నిలబడు చాలు. చిన్నప్పట్నించీ మనింటి ఫోటోల్లో నీ మోచెయ్యి తప్ప నువ్వు లేవు."

నిజమే. కెమెరా కనిపిస్తే చాలు, మడతాయనకి ఎక్కడో పని గుర్తొచ్చేది. ఊరి బట్టలన్నీ తళతళలాడించిన చేతులకి సొంత చొక్కా మీద శ్రద్ధ ఉండేది కాదు. ఆ వెలిసిపోయిన చొక్కాతో వియ్యంకుడి పక్కన నిలబడితే, మాసిన బట్టలు పట్టుకుపోవడానికి వచ్చినవాడనుకుంటారని ఆయన భయం. అయినా పిల్ల నోరు తెరిచి అడిగింది. సరేనన్నాడు.

అన్నాక అర్థమైంది, ఆ మాటకి ఒక కోటు కావాలని.

కొట్లో అన్నిటికన్నా పైన దిక్కులేని అర ఒకటి ఉంది. ఉతకడానికిచ్చి మరిచిపోయిన బట్టలన్నీ అందులో ఉండేవి. అక్కడే పోస్టుమాస్టరు గారి ముదురు నీలం కోటు. ఆయన రిటైరవకముందు ఇచ్చారు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఒకరి బట్ట తన ఒంటికి తగలనివ్వడమనేది మడతాయన పుట్టి బుద్ధెరిగాక చెయ్యలేదు. ఆ మధ్యాహ్నం షట్టరు సగం దించి ఆ పనీ చేశాడు. కోటు ఎక్కింది గానీ, గుండీకీ కాజాకీ మధ్య ఆయన పొట్ట అడ్డం కూర్చుని రాజీ కుదరనివ్వలేదు. దాంతో పక్క కుట్లు విప్పి, లోపలున్న బట్టంతా బయటికి లాగి, గుండీలు జరిపి కుట్టాడు. ఇప్పుడు అందులో ఆయన నవ్వినా గుండీ ఊడదు.

అంతా బాగానే ఉండేది, కౌంటరు దగ్గర ఆయన తల్లి లేకపోతే.

ముసలావిడ నోట్లో నువ్వుగింజ నానదు. మనవరాలి పెళ్ళి మాట అసలే నానలేదు. మూట అందించిన ప్రతివాళ్ళకీ, "తప్పకుండా రావాలి, మీరు రాకపోతే నా మీద ఒట్టే" అని చెప్పింది. మడతాయనకి ఆ సంగతి విందు రోజు పొద్దున్న గానీ తెలియలేదు. విందుకి పోవాలంటే మంచి బట్టలు కావాలి. అందరి మంచి బట్టలూ ఆయన కొట్లోనే ఉన్నాయి. వీధి వీధంతా వచ్చి పడింది. ఒకాయనైతే ఒంటి మీదున్న ప్యాంటు కూడా విప్పిచ్చి, తువాలు చుట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ గుంపులోంచే పోస్టుమాస్టరు గారు తల దూర్చారు. "ఏమోయ్, నా కోటు ఉందా, పారేశావా?"

మడతాయన పై ప్రాణాలు పైనే పోయాయి. తీసి, గబగబా ఇస్త్రీ చేసిచ్చాడు. పోస్టుమాస్టరు ఊపిరి బిగబట్టి తొడుక్కున్నారు. నెమ్మదిగా ఊపిరి వదిలారు. కోటు దండేనికి వేసినట్టు వేలాడింది. అద్దంలో అటు చూసుకున్నారు, ఇటు చూసుకున్నారు.

"బిగుతైపోయిందనే కదయ్యా ఇన్నాళ్ళూ దీని జోలికి రాలేదు," అన్నారు గొంతు తగ్గించి. "మా ఆవిడ ఏడాదిగా అన్నం కొలిచి పెడుతోంది. పిసరంతైనా తగ్గలేదని దెప్పుతోంది. చూడు, నువ్వే చూడు. నేను చిక్కాను."

నిజం చెప్పేద్దామని మడతాయన నోరు తెరిచాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి మాట మార్చాడు. "చిక్కారు సార్. బాగా చిక్కారు."

కోటు పోయింది. సాయంత్రానికి కోటు వెంట కూరలు కూడా పోసాగాయి. పోస్టుమాస్టరు గారు డాబా మీద ప్రతివాళ్ళకీ కోటు ముందు భాగం లాగి చూపించి, చిక్కినవాడికి తినే హక్కుందని ఏడాది బాకీ తీర్చుకుంటున్నారు. మూడోసారి కంచం పట్టుకుని వచ్చేసరికి భార్య మడతాయన చెవిలో, "వదులు చేసింది మీరేగా, ఇప్పుడు నింపండి," అని గరిటె చేతిలో పెట్టి, కూరలో నీళ్ళు పొయ్యడానికి వెళ్ళింది.

ఆ గరిటె మడతాయనకి మా గొప్ప ఆసరా అయింది. అందరి బట్టలూ ఇస్త్రీ చేసేసరికి పొద్దు గూకింది. తన చొక్కా మాత్రం మూటలోంచి తీసినట్టే ఉంది. ఫోటోకి రమ్మని కూతురు మొదటిసారి కబురు పెడితే వడ్డన ఆగిపోతుందన్నాడు. రెండోసారి పెడితే, పోస్టుమాస్టరు గారిని నిలబెట్టుకోండి, ఆయన నిండుగా ఉన్నారన్నాడు. మూడోసారి కబురు రాలేదు. కూతురే వచ్చింది. కొత్త అల్లుడు వెనకాల బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"నాన్నా, గరిటె కింద పెట్టు."

"ఈ చొక్కాతోనా తల్లీ? ఎన్ని ముడతలున్నాయో చూడు."

"ముడతలు నేను స్టూడియోలో తీసేస్తాను," అంది కూతురు. "లేని మనిషిని ఎక్కణ్ణించి తెచ్చి పెట్టను?"

మడతాయన కూతురి మొహం చూశాడు. గరిటె కింద పెట్టాడు. చేతులు తుడుచుకుని, అలవాటు కొద్దీ తువాలు మడిచి, వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాడు. కెమెరా అమ్మాయి ఒకటీ రెండూ అంటుండగా ఎవరూ పిలవకుండానే పోస్టుమాస్టరు గారు వచ్చి రెండో పక్క దూరారు. కోటు ఇప్పుడు ఆయనకి సరిగ్గా సరిపోయింది.

ఫోటో వచ్చింది. అందరూ ముందుకి చూస్తున్నారు. మడతాయన ఒక్కడూ మెడ సాచి, పోస్టుమాస్టరు గారి కోటు చేతి మీద పొద్దుటి హడావిడిలో తాను పొరపాటున వేసిన రెండో ఇస్త్రీ గీతని చూస్తున్నాడు.

కూతురు ఫోటో తెచ్చి, ఏమైనా సరిచెయ్యాలా అని అడిగింది. చొక్కా సంగతి ఆయనకి గుర్తే రాలేదు.

"ఆ కోటు చెయ్యి మీద దొంగ మడత ఒకటి పడిందమ్మా," అన్నాడు వేలు పెట్టి చూపిస్తూ. "అది తీసెయ్. ఎవరైనా చూస్తే కొట్టు పరువు పోతుంది."