ఎలా వచ్చినా సరే

పచ్చి స్పాంజీల వాసన. ఎండలో కుళ్ళే సముద్రపు వాసన.

ఆ వాసన కలిమ్నోస్ దీవిని తాకిందంటే పడవలు తిరిగొచ్చినట్టే.

సెవస్తి చెప్పులైనా తొడుక్కోకుండా రేవుకు పరుగెత్తింది.

ఈస్టర్ వెళ్ళిన వారానికి మగవాళ్ళంతా ఆఫ్రికా తీరానికి పోయారు — సముద్రం అడుగున స్పాంజీలు కోయడానికి. ఆమె పెనిమిటి పంతెలిస్ కూడా. ఆరు నెలలు... మరియమ్మ పటం ముందు రోజూ ఒకటే ప్రార్థన.

ప్రభువా, అతణ్ణి ఇంటికి పంపు. ఎలా వచ్చినా సరే.

వచ్చాడు.

చెక్కపలక మీద పడుకోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. అంత లోతు నుంచి ఒక్క ఉదుటున పైకొస్తే అంతే. నడుము కింద ప్రాణం ఉండదు.

ఎలా వచ్చినా సరే.

పిండి పిసుకుతుంటే ఆ మాట వినిపించేది. అతని కాళ్ళు కడుగుతుంటే వినిపించేది. చల్లటి కాళ్ళు. గిచ్చినా ఉలకని కాళ్ళు.

దేవుడు తన మాటను ఉన్నదున్నట్టు పట్టుకున్నాడా?

అప్పటి నుంచి ఆమె నోరు తెరిచి ఏదీ అడగలేదు. భయం. మళ్ళీ ఏ మాట జారుతుందో... ఆయన దాన్నెలా తీసుకుంటాడో...

దానికి తోడు, పక్కింటి కలోతినా. భర్త లేడు. ఒక్కగానొక్క కొడుకు థెమెలిస్ అదే పడవలో వెళ్ళి, అక్కడి ఒడ్డున ఇసుకలోనే సమాధైపోయాడు. పొద్దున్నే వచ్చి పంతెలిస్ మంచం పక్కన కూర్చునేది.

"చివరికి మావాడేమన్నాడు నాయనా?"

"నీ పేరే తలిచాడు పిన్నీ."

రోజూ అదే ప్రశ్న. రోజూ అదే జవాబు.

వెళ్తూ గుమ్మంలో ఆగేది. "దేవుడు నీ మొరైనా విన్నాడే అమ్మాయ్."

ఒకరోజు ఆమె అటు వెళ్ళగానే సెవస్తి మంచం దగ్గర కూలబడింది.

"నా నోటివల్లే నీకిలా అయింది. ఎలా వచ్చినా సరే అన్నాను..."

పంతెలిస్ నవ్వాడు.

"పిచ్చిదానా! నీ ఒక్కదాని మాటేనా ఆయన చెవిన పడేది? నేనూ అడిగాను. థెమెలిస్ అడుగున రాళ్ళలో చిక్కుకున్నాడు. నన్ను తీసుకో, వాణ్ణి వదిలెయ్ అన్నాను. నేను చేరేసరికే అయిపోయింది. వాణ్ణి పట్టుకుని ఆగకుండా పైకొచ్చేశాను."

"మరి, తల్లి పేరు తలిచాడని..."

అతను గోడ వైపు తిరిగాడు.

"వాడేమీ అనలేదే."

ఆమె అడిగింది. "దేవుడి మీద కోపం లేదా నీకు?"

"ఎందుకు లేదు? రోజూ పోట్లాడుతూనే ఉన్నా. ఆయన్ని కూడా వదిలేస్తే ఇంకెవరితో మాట్లాడను?"

మళ్ళీ ఈస్టర్ వచ్చి వెళ్ళింది. మళ్ళీ పడవలు సిద్ధమయ్యాయి. గుడిలో కలోతినా పక్కకొచ్చి నిలబడింది.

"మావాడేమీ అనలేదని నాకు తెలుసే. నీళ్ళలో మునిగినవాడికి మాటెక్కడిది? అయినా, రోజూ ఒకసారి వినాలనిపిస్తుంది."

సెవస్తి తలెత్తలేకపోయింది.

"నా కోసం అడగడానికి నాకు నోరు రావడం లేదు. నీకూ రావడం లేదని తెలుసు. నీ కోసం నేను అడుగుతా. నా కోసం నువ్వడుగు."

ముసలి చెయ్యి ఆమె చేతిని పట్టుకుంది. గట్టిగా.

"ప్రభువా..."

సెవస్తికి తర్వాతి మాట రాలేదు.

బయట మగవాళ్ళ కేకలు. తాళ్ళు విప్పుతున్న చప్పుడు.

ఆమె ఆ ముసలి చెయ్యి వదల్లేదు. గుక్క తిప్పుకుని మళ్ళీ మొదలుపెట్టింది —

"ప్రభువా..."