రంగు వేయకూడని బిళ్ళలు

"పడవ అడుగున వేలెడు చోటు కూడా వదలకు" అని మామయ్య చెప్పాడు. మేనకోడలు వదల్లేదు. కొంప మునిగింది అక్కడే.

పడవలు బాగుచేసే ఆ షెడ్డులో అందరూ ఆమెను పిల్లి అనేవాళ్ళు. వచ్చినా చప్పుడుండదు, పోయినా చప్పుడుండదు. "దీనికి నోట్లో నాలుక ఉందో లేదో పళ్ళ డాక్టరుకే తెలియాలి" అని సరంగు వేళాకోళం చేసేవాడు. ఒడ్డుకెక్కించిన ఇనుప పడవ ఆయనదే, నడిపేదీ ఆయనే. సెలవుల్లో మామయ్యకు సాయంగా వచ్చిన పిల్లి ముందురోజంతా వెల్లకిలా పడుకుని ఆ పడవ అడుగుకి ఎర్ర రంగు వేసింది. చుక్కాని పక్కన మామయ్య కొత్తగా బిగించిన నాలుగు వెండిరంగు బిళ్ళలు అందులో మచ్చల్లా కనిపించాయి. వాటికి రెండు పూతలు వేసి, కనబడకుండా చేసి మురిసిపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, పాత సామాను డబ్బాలో ఎలుకలు కొరికిన సబ్బుబిళ్ళలాంటి లోహపుముక్క ఒకటి పిల్లికి దొరికింది.

"ఇదేంటి మామయ్యా?"

"అది జింకు. పోయినసారి బిగించిన బిళ్ళ. నా ముక్కు మీది తెల్లమందు కూడా దాని బూడిదే. టార్చిలైటు సెల్లు పైతొడుగు కూడా అదే." ఎండకు పూసుకున్న మందుతో మామయ్య ముక్కు కొంగలా తెల్లగా ఉంది. "ఉప్పునీళ్ళలో పడవ ఇనుమూ, దాన్ని తోసే ఇత్తడి రెక్కలూ ఒకచోట ఉంటే సెల్లులో జరిగేదే జరుగుతుంది. ఎవరో ఒకరు కరిగిపోవాల్సిందే. జింకు పక్కనుంటే తుప్పును ఇనుము జోలికి రానివ్వదు, ముందు తనే కరుగుతుంది. నెలల తరబడి నీళ్ళలో ఉండి, ఒక్క మాటైనా అనకుండా."

పిల్లి ఆ ముక్కను అరచేతిలో తిప్పి చూసింది. ఇంత పని చేసిన దాన్ని డబ్బాలో ఎలా పారేశారో అనిపించింది.

"ఒక్కటే షరతు" అన్నాడు మామయ్య చెయ్యి కడుక్కుంటూ. "దానికి నీళ్ళు తగలాలి. పైన ఏది కప్పినా చచ్చిన పామే."

పిల్లి చప్పున తిరిగి, ఎర్ర రంగులో కనబడకుండాపోయిన బిళ్ళల వైపు చూసింది. నోరు తెరిచేలోపు పడవ మీంచి సరంగు అరిచాడు: "పోటు తిరిగిపోతోందయ్యోయ్, నీళ్ళు తగ్గితే పడవ తేలదు! దించుతావా, కునుకు తీస్తావా?"

మామయ్య పరుగెత్తి ఇనుపతాడు వదిలే యంత్రం తిప్పాడు. పడవ పట్టాల మీద కదిలింది. ఇప్పుడు చెబితే పోటు పోతుంది, సరంగు తిడతాడు, మామయ్య పరువు పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నీళ్ళకింద పడవ అడుగును తుప్పు నెమ్మదిగా తినేస్తుంది, అంతే. చేతిలో ముక్క ఇంకా ఉంది. యంత్రం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. నీళ్ళు చుక్కానిని తాకాయి.

"ఆపండీ!"

ఆ గొంతు తనదేనా అని పిల్లికే అనుమానం వచ్చింది. యంత్రం ఆగింది.

"ఏమైందే? చెయ్యి నలిగిందా?" మామయ్య ఒగరుస్తూ వచ్చాడు.

"బిళ్ళలకు రంగేశాను. నాలుగింటికీ. రెండేసి పూతలు."

సరంగు నెత్తి కొట్టుకున్నాడు. "పిల్లికి నోరొచ్చింది, నా పోటు పోయింది!"

"నీ పోటు రేపు మళ్ళీ వస్తుందిలేవయ్యా" అన్నాడు మామయ్య. "అడుగుకి చిల్లుపడితే పడవ మళ్ళీ వస్తుందా? తప్పు నాదే. వదలకు అన్నాను కానీ, ఏది వదలాలో చెప్పలేదు. చూడకుండా దించబోయాను కూడా."

పడవను మళ్ళీ పైకి లాగారు. పిల్లి గీకుడు రేకుతో, తీగల బ్రష్షుతో మూడు బిళ్ళలు తళతళలాడించింది. నాలుగోది గొణుక్కుంటూనే సరంగు గీకాడు.

మళ్ళీ సెలవులు వచ్చేసరికి ఆ పడవ ఒడ్డెక్కింది. పిల్లి అందరికంటే ముందు దాని కిందికి దూరింది. నాలుగు బిళ్ళలూ సగానికి సగం అరిగి, గుంతలుపడి, తెల్లటి పొడి కట్టి ఉన్నాయి. పక్కన ఇనుము మీద, రెక్కల మీద ఒక్క గుంత లేదు.

"ఎలా ఉన్నాయే?" బయటినుంచి సరంగు అడిగాడు.

"ఉప్పునీరు సగం తినేసింది!" గట్టిగా అరిచింది పిల్లి.

"ఓ రోజు నోరు తెరిచింది, ఇక మూతపడేలా లేదు" అంటూ సరంగు కొత్త బిళ్ళలు నాలుగూ కిందికి అందించాడు. ఈసారి బిగించే పని ఆమెదే. బిగించి, రంగు డబ్బా మూత తీయకముందే, నాలుగింటి మీదా రంగు పడకుండా కాగితాలు అంటించింది, పడవ దించేముందు పీకేయడానికి.