సీసా బాగుంది

యాసిడ్ నీళ్ళలో నానిన గాజు బీకర్లను ఆయన మూడోసారి కడిగాడు. రెండుసార్లు చాలని పుస్తకం చెబుతుంది. పుస్తకం రాసినవాళ్ళు ఈ సింకు దగ్గర ముప్పై మూడేళ్ళు నిలబడలేదు కదా! నిజానికి ఈ రోజు ఆ బీకర్లతో పనే లేదు. నీళ్ళ నమూనాలు తీసుకోవడం పది రోజుల కిందే ఆపేశారు. సాయంత్రం నాలుగింటికి ఆయనకు వీడ్కోలు. ఐదింటికి మనుషులొచ్చి పాత మిషను గ్యాసు సిలిండరును పట్టుకుపోతారు. మనిషీ మిషనూ ఒకే రోజు రిటైరవుతున్నారని ఆఫీసంతా నవ్వుకుంది. అయినా చేతులు ఊరుకోవు, కడుగుతూనే ఉన్నాడు.

ఆ మిషను చేసేది చెప్పుకుంటే చిన్న పనే. నీళ్ళను సన్నటి తుంపరగా మంటలోకి పీలుస్తుంది. ఒక పక్కనుంచి సీసం దీపం వెలుగు ఆ మంటలోంచి పోతుంది. నీళ్ళలో సీసం ఉంటే ఆ వెలుగును కొంత మింగేస్తుంది. ఎంత మింగిందో చూసి ఎంత ఉందో చెప్పొచ్చు. రాగికి రాగి దీపం, జింకుకు జింకు దీపం. మిషను అబద్ధమాడదు గానీ, ముందుగా ఏమీ లేని శుద్ధమైన నీళ్ళు చూపించి ‘ఇదీ సున్నా అంటే’ అని దానికి నేర్పాలి. ఆ నీళ్ళనే బ్లాంకు అంటారు. నమూనాను ఎంతసేపు మరిగిస్తే బ్లాంకునూ అంతసేపు మరిగించాలి. దానికెంత యాసిడో దీనికీ అంతే. బ్లాంకు సున్నా చూపించకపోతే ఆ రోజు అంకెలన్నీ చెత్తబుట్టకే. సున్నా రానిదే ఆయన సంతకం పెట్టడు కాబట్టి ఆయన పేరు బ్లాంకు గారైపోయింది. ఎదురుగానే అంటారు, ఆయనా పలుకుతాడు.

అలాంటి బ్లాంకు గారి తల పది రోజులుగా నల్లబడుతోంది. మొదట పాలు మాడినట్టు గోధుమరంగు, తర్వాత నలుపు. మళ్ళీ పెళ్ళిచూపులా అని డ్రైవరు అడిగితే, నిన్ను అడక్కుండా ఖాయం చేసుకోనులే అన్నాడు. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. అది మూడేళ్ళ కింద పోయిన ఆయన భార్య కోరిక.

ఆవిడ బడిలో టీచరు. ఆయన ఈ ఉద్యోగంలో చేరిన ఏడాది, బడి కుళాయి నీళ్ళు ఒక సీసాలో పట్టుకొచ్చింది. పిల్లలకు కడుపునొప్పులు వస్తున్నాయి, సీసం ఉందేమో చూడమంది. రిజిస్టరులో గుమాస్తా ‘పరీక్షించవలసినది: సీసా’ అని రాశాడు. సున్నా పెట్టాల్సిన చోట దీర్ఘం పెట్టాడు, అంతే. ఈయనేమో కొత్త ఉద్యోగి, పైగా రాసింది రాసినట్టు చేసే రకం. సీసాను వెలుతురుకు పట్టి చూసి, ‘సీసా బాగుంది. పగుళ్ళు లేవు’ అని రాసి సంతకం చేశాడు. కాగితం టీచరు చేతికి చేరడానికి నెల పట్టింది. ఆవిడ ఆ కాగితంతోనే వచ్చింది.

“సీసా కులాసాయే అని రాశారు, సంతోషం. మా పిల్లల సంగతి కూడా కాస్త చూస్తారా?”

ఆ మధ్యాహ్నమే చూశాడు. సీసం ఉంది, గట్టిగానే ఉంది. ఆయన పొరపాటు పుణ్యమా అని నూరుమంది పిల్లలు మరో నెలరోజులు ఆ నీళ్ళు తాగారు. అది తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ అన్నం సహించదు. టీచరు మాత్రం ఒక్కనాడూ దెప్పలేదు. మరుసటి ఏడు ఆయన్ని పెళ్ళి చేసుకుంది. చుట్టాలు కట్నకానుకల సంగతి అడిగితే, ‘సీసా బాగుందని రాసిచ్చారు, అది చాలు’ అనేది.

ఆయనకు ముప్పై రెండుకే జుట్టు నెరిసింది. టీచరు ఎక్కడో వెతికి ఒక లోషన్ తెచ్చి, ఆదివారం ఆదివారం పీట మీద కూర్చోబెట్టి తలకు రాసేది. మొదటిసారి రాసిన మర్నాడు, సోమవారం నుంచే బ్లాంకులో సీసం మొదలైంది. యాసిడ్ మార్చాడు, బీకర్లు మార్చాడు, నీళ్ళు మార్చాడు, గోడకు సున్నం వేయించాడు. తొమ్మిది రోజులు నిద్రాహారాలు లేవు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే అదే. పదో రోజున లోషన్ సీసా వెనక చిన్న అక్షరాలు చదివాడు. జుట్టును నల్లబరిచేది సీసపు ఉప్పేనట. ఎండిన పొడి తలమీంచి బీకర్లలోకి రాలుతోంది!

టీచరు కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. లోషన్ మానేశాడు. ముప్పై మూడో ఏట నుంచే ఆయన ముసలాడిలా తిరిగాడు. పెళ్ళిళ్ళలో ఆవిణ్ణి ఆయన కూతురా అని అడిగినవాళ్ళున్నారు. ఆవిడ అడిగింది ఒక్కటే.

“రిటైరయ్యే రోజు ఫొటోలోనైనా నల్లజుట్టుతో కనిపించండి. ఆ రోజు మీ మిషను ఏమనుకున్నా నాకనవసరం.”

నమూనాలు ఆపేశారని తెలిశాక, ఇంక ఎవరికి నష్టమని ధైర్యం చేసి, అదే లోషన్ కొన్నాడు. అద్దం ముందు నిలబడి తానే రాసుకున్నాడు. వెనకవైపు చెయ్యి అందక పాయలు పాయలుగా అంటింది.

తొమ్మిదిన్నరకు ఒక పెద్దావిడ రెండు లీటర్ల డబ్బా మోసుకుంటూ మెట్లెక్కి వచ్చింది. చిన్నపిల్లల్ని పగలంతా చూసుకునే కేంద్రంలో ఆయా. నలభైమంది పసివాళ్ళు. వాళ్ళలో ముగ్గురు ఆటలాడటం మానేశారట, నీళ్ళు చూపించమని డాక్టరు చెప్పాడట. యజమానిని కుళాయి కట్టేయమంటే, కాగితం తెస్తే చూద్దామన్నాడు. ల్యాబు ఆఫీసరమ్మ అంతా విని, పాత మిషను ఈ రోజుతో ఆగిపోతోందనీ కొత్తది మొదలవడానికి నెల పడుతుందనీ నెమ్మదిగా చెప్పింది.

ఆయా డబ్బా కింద పెట్టలేదు. “నెల రోజులు పసివాళ్ళను దాహంతో ఎలా ఉంచను బాబాయి గారూ?” అని ఆయన వైపు చూసి అడిగింది.

నెల అన్న మాట ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. చెయ్యి చాపి డబ్బా అందుకున్నాడు.

సగం నీళ్ళు బీకరులో పోసి, పక్కనే బ్లాంకు పెట్టి, రెండూ పదో వంతుకు దిగేదాకా మరిగించాడు. అలవాటుగా వాటి మీదికి వంగి వంగి చూశాడు. పన్నెండింటికి మంట వెలిగించాడు. బ్లాంకు పెడితే ముల్లు కదిలింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ కదిలింది. ముల్లును అలా చూస్తుంటే అర్థమైపోయింది. చెయ్యి దానంతటదే తలమీదికి పోబోయి ఆగిపోయింది. తలకు ప్లాస్టిక్ టోపీ తొడిగి, చేతులు కడిగి, కొంచెం నీళ్ళు మరిగించి చూశాడు. తగ్గింది గానీ సున్నా కాలేదు.

ఆఫీసరమ్మ తాను చేస్తానంది. ఆ పాత మంటను నిలపడం ఆవిడకు చేతకాదని ఇద్దరికీ తెలుసు. నమూనా కూడా సగమే మిగిలింది. ఇంకొక్కసారికే సరిపోతుంది.

ఆయన ఆ పొడి రాలిన కోటూ చొక్కా విప్పి మూటగట్టి, బనీనుతోనే ఎదురు వీధిలోని సెలూన్‌కి వెళ్ళాడు.

“సాయంత్రం ఫొటో ఉందన్నారుగా సార్, కాస్త సర్దమంటారా?” అన్నాడు మంగలి.

“గుండు చెయ్యి.”

“రంగు ఇంత బాగా పట్టిందే, పాడుచేసుకోవడం ఎందుకు?”

“బాగా పట్టింది కాబట్టే.”

అద్దంలో ఆ నల్లజుట్టును ఆయన చివరిసారి కాదు, దాదాపు మొదటిసారి చూసుకున్నాడు. నలభై రెండో ఏట ఎలా ఉండేవాడో అలా ఉన్నాడు, కాదు, ఎలా ఉండి ఉండాల్సిందో అలా. టీచరు చూస్తే మురిసిపోయేది. కత్తి నుదుటి దగ్గర మొదలైంది. ఒక్క కోరిక కోరింది, అదీ తీర్చలేకపోయాను అనుకున్నాడు. ఆవిడ ఉంటే ముందు సబ్బు చేతికిచ్చి పిల్లల సంగతి చూడమనేదని కూడా తెలుసు. తెలిసినా నొప్పి తగ్గలేదు. నల్లపాయలు గుడ్డమీద పడుతుంటే కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

వచ్చి, మెడదాకా తోముకుని, డ్రైవరు చొక్కా అడిగి తొడుక్కుని, బల్లంతా తడిగుడ్డతో తుడిచి, బీకర్లు మళ్ళీ మూడుసార్లు కడిగాడు. మళ్ళీ బ్లాంకు, మళ్ళీ నమూనా, మళ్ళీ రెండున్నర గంటలు. ఆయా మెట్ల మీదే కూర్చుని ఉంది. మూడున్నరకు బ్లాంకు పెట్టాడు. ముల్లు కదల్లేదు. మూడుసార్లు పెట్టినా కదల్లేదు. అప్పుడు నమూనా పెట్టాడు. ముల్లు లేచి, హద్దు గీత దాటి, ఇంకా పైకి పోయి నిలబడింది. ఆఫీసరమ్మ లెక్క వేసి, ఉండదగ్గ దానికి ఆరు రెట్లంది. మరోసారి చూస్తే అదే అంకె. ఆవిడ అక్కడికక్కడే యజమానికి ఫోను చేసి కుళాయి కట్టించింది. ఆయన కాగితం మీద సంతకం చేసి ఆయాకిచ్చాడు. ఆవిడ దాన్ని మడతపెట్టకుండా, తడి చెయ్యి తగలకుండా, రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగింది.

వీడ్కోలు సభ పావుగంటలో అయిపోయింది. పెద్ద చొక్కాలో, కొత్త గుండుతో ఆయన్ని మధ్యన నిలబెట్టారు. తల మెరుస్తోంది, కాస్త పక్కకు తిప్పమన్నాడు ఫొటో తీసేవాడు. అందరూ నవ్వారు. ఆయనకు ఏడుపొచ్చింది. నవ్వుతున్నట్టు పెట్టిన మొహాన్ని అలాగే ఉంచి, ఫొటో అయ్యాక తుడుచుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి గ్యాసు కట్టేశాడు. మంట చిన్నగా టప్పుమని ఆరింది. సిలిండరు మనుషులకు దారి చూపించి, చొక్కా మూట చంకన పెట్టుకుని, వెళ్ళొస్తానమ్మా అని ఆఫీసరమ్మతో చెప్పి బయల్దేరాడు. బస్సు దొరికిందో లేదో ఎవరూ చూడలేదు.

దీపాలు ఆర్పబోతూ ఆఫీసరమ్మ సింకు పైన అద్దం దగ్గర ఆగింది. తువ్వాలు వేసే కొక్కేనికి పక్కన, పొద్దున ఆయన తల దువ్వుకుని పెట్టి మరిచిపోయిన జేబు దువ్వెన ఉంది. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. కాగితంతో పట్టుకుని ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి బిగించి, వ్యర్థాల డబ్బా దాకా వెళ్ళి, తిరిగొచ్చి ఆయన సొరుగులో పెట్టింది. సంచిలోంచి కనబడుతోంది ఆ దువ్వెన, ఒక పన్ను విరిగి, మిగిలిన పళ్ళ మధ్య రెండు నల్లటి వెంట్రుకలతో.