ఒక్కో బగ్‌కి నలభై పేర్లు

తమ ఉద్యోగాలు ఊడుతున్నాయని ఆ నలభై మందికీ చెప్పింది టీవీ. అదీ భోజనాల వేళ.

భోజనాల గదిలో ఆ టీవీలో రోజంతా షేర్ మార్కెట్ వార్తలే. ఎవరూ చూడరు. ఆ రోజు మిరపకాయ అనే పిల్ల చూసింది. కింద పరిగెత్తే అక్షరాల్లో తమ కంపెనీ పేరుంది. వీడియో గేముల కంపెనీ ఆటల్లో తప్పులు పట్టే తన టెస్టర్లలో సగం మందిని తీసేస్తోందట. ఆ మాట బయటికి రాగానే షేరు ఏడు శాతం లేచిందట.

"మన మెడమీద కత్తి పడితే వీళ్ళ షేరుకి రెక్కలొస్తాయన్నమాట!" అంది మిరపకాయ. ఆ పిల్ల అసలు పేరు అందరూ మరిచిపోయారు గానీ నోటిని మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

ఏ సగమో టీవీ చెప్పలేదు. పక్కవాడి ముఖం చూడడానికి ప్రతివాడూ జంకాడు. వాడుంటే నేను పోవాలి, నేనుంటే వాడు పోవాలి. యజమానికి ఇంతకంటే కావలసిందేముంది?

గోడలక్క తినకుండానే డబ్బా మూసేసింది. ఆరేళ్ళుగా ఆమె పని గోడల్ని గుద్దుకోవడం. నిజం గోడలు కావు, ఆటలో గోడలు. బొమ్మమనిషిని ప్రతి గోడకీ, ప్రతి మూలకీ ఆనించి తోస్తుంది. మనిషి గోడలోంచి అవతలికి దూరిపోతే అది బగ్, అంటే తప్పు. రాసి పెడుతుంది. ఆరేళ్ళూ మూడేసి నెలల కాంట్రాక్టే. ఆట మీటలు నొక్కీ నొక్కీ కుడిచేతి బొటనవేలు ఇప్పుడు గుండీ పెట్టుకోవడానికైనా వంగదు. పర్మనెంట్ అయితే వైద్యం కంపెనీయే చేయిస్తుంది. ఆ ఒక్క ఆశతో ఆరేళ్ళు నోరు కుట్టేసుకుంది.

మధ్యాహ్నం మేనేజరు ఆమెను పిలిచి, తలుపు తనే మూశాడు.

"కూర్చోమ్మా. రేపు పదకొండింటికి షేర్‌హోల్డర్లకి ఆట రిలీజ్ తేదీ చెప్పాలి. ముప్ఫై ఆరు పెద్ద బగ్‌లు ఇంకా తెరిచే ఉన్నాయి."

"సరిచేస్తే మూసేస్తాం సార్."

"సరిచేసే టైమెక్కడిది? ముందు తేదీ చెప్పనీ."

ఆ ఆఫీసులో ఒక పద్ధతుంది. బగ్ తెరిచినవాళ్ళే, అంటే పట్టి రాసినవాళ్ళే, మళ్ళీ ఆడి చూసి మూయాలి. వాళ్ళు వెళ్ళిపోతే వాళ్ళ బగ్‌లు సీనియర్ పేరుకి మారతాయి. సీనియర్ అంటే గోడలక్కే.

"ఈ బగ్‌లు ఎవరి పేరు మీదున్నాయో వాళ్ళనే ఏరాం. రేపు పదింటికి పంపించేస్తాం. అన్నీ నీ పేరుకొస్తాయి. అరగంటలో మూసెయ్. సాయంత్రానికి నువ్వు పర్మనెంట్."

ఎక్కువ తప్పులు పట్టినవాళ్ళ మీదే వేటన్నమాట. గోడలక్క కుర్చీ వెనక్కి జరిపింది. "పొద్దున్న చెప్తాను సార్," అని లేచింది. కాదనలేదు. అది మనం దాచకూడదు.

సాయంత్రం నలభై మందీ వెనకమెట్ల మీద చేరారు.

"అందరం పని వదిలేసి వెళ్ళిపోదాం!" అంది మిరపకాయ.

"కుర్చీలు ఖాళీ చెయ్యమనేగా వాడనేది?" అన్నాడు మాస్టారు. ఒకప్పుడు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి.

"అయితే చేతులు కట్టుకు కూర్చుందామా? మనల్ని ఉంచుతారేమోనని ఆశా మీకు?"

"ఉందే తల్లీ. నీకు లేదా?"

అప్పుడు గోడలక్క లేచి, మేనేజరు అన్నదంతా చెప్పేసింది.

"ఛీ! ఇంతసేపూ దాచావా అక్కా?"

"తిట్టవే. తిట్టాల్సిందే. రెండేళ్ళ కింద మన పొడుగన్నని తీసేసినప్పుడు ఆయన బగ్‌లు నేనే మూశాను. ఆట పాడైతే, తప్పులు పట్టలేదని నింద ఆయన మీద వేశారు. ఇప్పటిదాకా ఆయనకి ఎక్కడా పని దొరకలేదు. ఈ చేత్తోనే చేశాను." ఇక ఆమె వల్ల కాలేదు, అందరిముందూ ఏడ్చేసింది.

మాస్టారు ఆమెను మెట్టు మీద కూర్చోబెట్టాడు. "ఒకరి బగ్ ఇంకొకరికి కనబడితే దాని కింద పేరు చేర్చొచ్చు కదా. పేరున్న ప్రతివాళ్ళూ ఒప్పుకుంటేనే అది మూతపడుతుంది. ఇన్నాళ్ళూ ఎవరం చేర్చలేదు. ఎవరి గొప్ప వాళ్ళకే దక్కాలని."

"అయితే అన్నిటికీ అందరం చేరిస్తే?" అంది మిరపకాయ.

"ఆడి చూసే చేర్చాలి," అంది గోడలక్క ముక్కు తుడుచుకుంటూ. "ఒక్కటి కూడా దొంగపేరు ఉండకూడదు."

మర్నాడు ఆరింటికల్లా అందరూ సీట్లలో ఉన్నారు. ఒకరి బగ్ ఇంకొకరు ఆడారు. నలభై మంది బొమ్మమనుషులు ఒకే గోడని తోశారు, నలభై సార్లు అవతలికి దూరిపోయారు. పదింటికి మేనేజరు వచ్చి, వంగి పనిచేస్తున్న తలల్ని చూసి మురిసిపోయాడు పాపం. తెర చూశాక ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఒక్కో బగ్ కింద నలభై పేర్లు. ఇరవై మందిని తీసేసినా ఇంకో ఇరవై మంది ఒప్పుకోవాలి.

"ఎవరు మొదలెట్టారిది?"

"పేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి సార్," అంది మిరపకాయ. "చూస్కోండి."

మేనేజరు గోడలక్క వైపు తిరిగాడు. "నీ పేరు తీసెయ్. మిగతావాళ్ళకి నువ్వే చెప్పు. పర్మనెంట్ కాగితం నా జేబులోనే ఉంది."

ఆమె బొటనవేలు వైపు చూసుకుంది. ఆశ చావలేదు, అబద్ధమెందుకు? "నాకింకా కనబడుతోంది సార్," అంది.

ఆ క్షణమే ఆమెని తీసేశారు. గుమ్మం దగ్గర మెళ్ళో కార్డు విప్పబోతే వేలు సహకరించలేదు. గార్డే విప్పాడు. భోజనాల గదిలో టీవీ, రిలీజ్ తేదీ ప్రకటన వాయిదా పడేలా ఉందనీ షేరు పడుతోందనీ అరుస్తోంది.

వెనక మేనేజరు గొంతు వినబడింది. "మాస్టారూ, ఇక మీరే సీనియర్. మూసెయ్యండి."

"నాకూ కనబడుతోంది సార్."

"నువ్వు చెప్పు."

"నాకూ కనబడుతోంది."

గోడలక్క మెట్ల మీదే నిలబడి వింది. లోపల ఇంకా ముప్ఫై తొమ్మిది మంది ఉన్నారు. మేనేజరు ఇప్పుడే ఏడో మనిషి దగ్గరికి వచ్చాడు.