అరువు దీపాలు

రేవులో తెరచాప పడవలు పదిహేడు. చట్టం ఒప్పుకునే దీపాల సెట్టు ఒక్కటే. తనిఖీ రోజు పొద్దున్నే ఆ సెట్టు మొదటి పడవ ఎక్కుతుంది. ఇన్‌స్పెక్టరు దీపం మీది నంబరు చూసి సంతకం పెడతాడు. ఆయన టీ తాగి వచ్చేలోగా మరలు విప్పి రెండో పడవకు బిగిస్తారు. పెళ్ళిపెళ్ళికీ మెడ మారే నగలాగా సాయంత్రానికి ఆ నాలుగు దీపాలూ రేవంతా తిరిగొస్తాయి. ఆయనకు తెలీదా? తెలుసు. అరువు సొమ్ము బరువు చేటు అన్నారు. ఆ చేటు ఎవరి మెడకు చుట్టుకుందో సూదొదినకు తెలుసు.

సూదొదిన అంటే తెరచాపలు కుట్టే ఆవిడ. రేవులో సగం మందికి వదిన. రెండేళ్ళ కిందటి తనిఖీలో ఆమె మొగుడి పడవ మధ్యాహ్నం పాసైంది. తర్వాతి వంతు పడవవాళ్ళ సంఘానికి పెద్దగా ఉన్నాయనది. ఆయనే వచ్చి దీపాలు విప్పుకుపోయాడు. మొగుడు పాత దీపాలతోనే వేటకు వెళ్ళాడు. ఎండకు వెలిసిపోయిన ఆకుపచ్చ అద్దం దూరానికి తెల్లగా కనిపించింది. తెలుపంటే పడవ వెనకవైపు, అంటే దూరంగా పోతున్న పడవ. పెద్ద ఓడ అలాగే అనుకుని, అడ్డంగా వస్తున్నవాణ్ణి తొక్కేసింది.

విచారణలో సంఘం పెద్ద, "పొద్దున దీపాలున్నాయండీ, నా కళ్ళతో చూశాను" అన్నాడు. అబద్ధం కాదు మరి. తప్పు పడవవాడిదేనని రాసి మూసేశారు. చచ్చినవాడు నోరెత్తడు కదా.

విరిగిన పడవను సూదొదిన బాగుచేయించింది. ఇప్పుడు మరిది వేటకు వెళ్తానంటున్నాడు. "సొంత దీపాలు బిగిస్తేనే పడవ కదిలేది" అంది. రేపు తనిఖీ అనగా ఇద్దరూ దుకాణానికి వెళ్ళారు.

దుకాణదారు తెరచాప కొయ్య చివర పెట్టే ఒంటి దీపం చూపించాడు. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు మూడూ అందులోనే.

"ఇది చాలు వదినా, ఒక్క తీగతో పోతుంది" అన్నాడు మరిది.

"గాలి పడిపోతే మోటారు వెయ్యవా? మోటారేస్తే నీది మోటారు పడవ కిందే లెక్క. అప్పుడు రంగు దీపాలకు పైన ముందుకు చూసే తెల్లది ఉండాలి. ఇది కొయ్య కొసన కూర్చుంటే దానిపైన ఇంకేం పెడతావ్, నీ తలకాయా?"

దుకాణదారు నవ్వి ఇంకో పెట్టె తీశాడు. విడివిడిగా నాలుగు దీపాలు. ఎడమకు ఎరుపు, కుడికి ఆకుపచ్చ, వెనక్కి తెలుపు, ముందుకు తెలుపు. "సర్కారు ముద్ర లేదుగానీ వెలుగు అదేనమ్మా."

ఆమె సంచీలోంచి గుడ్డముక్క తీసింది. చాప కోసే చేతికి మూలలు కొత్తకాదు. నిండు మూల మడిచి, దాన్ని నాలుగు మడతలు చేసి, అందులో ఒక మడతంత ఆ మూలకు కలిపింది. పడవ ముక్కుసూటి నుంచి పక్కదాకా, అక్కణ్ణుంచి పావు మూల వెనక్కి. రంగు దీపం అంతవరకే కనబడాలి. ఎరుపు దీపాన్ని వెలిగించి బల్ల మీద ఆ గుడ్డ పక్కన పెట్టింది. వెలుతురు మడత దాటి వెనకంతా పాకింది.

"ఇది దీపం కాదు, దివిటీ. ముద్ర ఉన్నవి తియ్యి."

ముద్ర ఉన్న పెట్టె అటకమీద దుమ్ముకొట్టుకుపోయి ఉంది. రేవులో ఎవరూ కొనందే కిందికెందుకు దింపుతాడు? వాటి వెలుతురు మడత దగ్గర కోసినట్టు ఆగింది. అప్పుడు ఒప్పుకుంది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు మొదట సూదొదిన పడవే ఎక్కాడు. దీపాలు వెలిగించి చూపించింది. ఆయన దీపాల వంక చూడలేదు. కాగితం వంక చూశాడు.

"ఇందులో నంబరు 4417. మీ దీపం మీద వేరే ఉంది. పాస్ కాదు."

"అది పాత కాగితం సారూ. ఇవి కొత్తవి. ముద్ర చూడండి."

"మార్చాలంటే ముందు అర్జీ పెట్టుకోవాలి. మూడు వారాలు."

"మిగతా పదహారు కాగితాలు కూడా తియ్యండి. అందులో నంబరెంతో చదవండి."

ఆయన ఫైలు మూశాడు. "నాకు కాగితంలో ఉన్నదే పడవమ్మా."

సంఘం పెద్ద సెట్టు చంకన పెట్టుకుని వచ్చాడు. "ఎందుకమ్మాయ్ రచ్చ? ఐదు నిమిషాల పని." ఆమె కొత్త దీపాల మరలు విప్పింది ఎవరనుకున్నారు? మరిదే. వదిన మొహం చూడకుండా విప్పాడు. 4417 బిగించారు. సంతకం పడింది. కాగితం ఆమె చేతికొచ్చింది.

పెద్ద మళ్ళీ స్క్రూడ్రైవరు ఎత్తాడు. సూదొదిన అడ్డం నిలబడింది.

"చెయ్యి తియ్ బాబాయ్. 4417 ఈ పడవదని సర్కారు రాసిచ్చింది. విప్పితే దొంగతనం. అవునా సారూ?"

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. పదిమంది వింటున్నారు. "కాగితం ప్రకారం... అంతే."

రేవు భగ్గుమంది. "మొగుణ్ణి మింగింది చాలక మా నోటికాడి కూడు కూడా లాక్కుంటావా?" అని ఎవరో అరిచారు. ఆ మాట అన్నవాడి చాప కిందటి నెలే ఆమె కుట్టింది. ఇన్‌స్పెక్టరు కారెక్కాడు. పదహారు పడవలు పాస్ కాలేదు.

"నన్నింక రేవులో పలకరించేవాడుండడు వదినా" అన్నాడు మరిది.

"పలకడానికి నువ్వుంటావు. మీ అన్న లేడు."

తన కొత్త దీపాల పెట్టె తెచ్చి సంఘం పెద్ద ముందు పెట్టింది. "బిగించుకో బాబాయ్. పాస్ కావు, కానీ ఓడకు కనబడతావు."

"నంబరు లేని దీపం నాకెందుకే?" అని కాలితో పక్కకు నెట్టాడు.

పొద్దు వాలింది. పట్టుబడితే జరిమానా, ఆగితే పస్తు. పదిహేడు పడవలూ బయల్దేరాయి. మరిది పడవకు ఎడమన ఎరుపు, కుడిన ఆకుపచ్చ, వెనక తెలుపు. పదిహేను పడవలు వెలిసిన అద్దాలతో దాని వెనకే వరస కట్టాయి. పొద్దున తిట్టినవాళ్ళందరూ ఆ వెలుతురు పట్టుకునే పోయారు.

సంఘం పెద్ద మాత్రం పంతానికి తన వెలిసిన దీపాలతోనే విడిగా, ఓడలు తిరిగే దారివైపు తిప్పాడు. సూదొదిన రేవు అంచున నిలబడి గొంతు చించుకుని పిలిచింది. ఆయన వెనక్కి చూడలేదు. ఆ పెట్టె ఆయన నెట్టినచోటే ఉంది.